ఎర్త్‌సీ మొదటి మూడు నచ్చినవాళ్లు 'తెహాను' చదవాలా, మూడుతో ఆపేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఉర్సులా లె గ్విన్ రాసిన ఎర్త్‌సీ అనే ఫాంటసీ సిరీస్‌లో మొదటి మూడు పుస్తకాలు వరసగా చదివేశారు, బాగా నచ్చాయి. నాలుగోది, 'తెహాను', మొదలుపెట్టి కొన్ని అధ్యాయాల తర్వాత పక్కన పెట్టేశారు. మొదటి మూడింట్లో ఉన్న గొప్ప మాంత్రికుడు గెడ్ వచ్చాక ఏదో జరుగుతుంది అని చూస్తే, అతను మంచాన పడి ఉన్నాడు, మేకలు, పొలం, గిన్నెలు తప్ప ఏమీ లేదన్నారు. కొందరు సిరీస్ మొత్తంలో ఇదే గొప్పదంటున్నారు, కొందరు సిరీస్‌ని ఇదే పాడుచేసిందంటున్నారు, ఎవర్ని నమ్మాలో తెలియట్లేదన్నారు. మూడుతో ఆపేస్తే ఏమైనా కోల్పోతానా, ఐదూ ఆరూ చదవాలంటే ఇది తప్పనిసరా అని అడిగారు. కథ బయటపెట్టినా పర్లేదన్నారు కాబట్టి ఏదీ దాచకుండా రాస్తున్నాను. మూడు పుస్తకాలూ ఇంకా చదవనివాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

సూటిగా చెప్పాలంటే: చదవండి. కానీ ఆపిన పేజీ నుంచి మాత్రం మొదలుపెట్టకండి. ముందు రెండో పుస్తకం, అంటే 'ది టూంబ్స్ ఆఫ్ అటువాన్', చివరి రెండు అధ్యాయాలు మళ్లీ చదవండి. ఒక్క సాయంత్రం చాలు. అవి అయ్యాక 'తెహాను' మొదటి పేజీకి వెళ్లండి. ఐదు, ఆరు చదివే ఆలోచన ఉంటే దీన్ని దాటేయడం కుదరదు, వాటి కథంతా దీని మీదే నిలబడి ఉంది. ఆ ఆలోచన లేకపోతే మూడుతో ఆపేసినా తప్పేం లేదు. మూడో పుస్తకం చివర కథ నిజంగానే ముగుస్తుంది, పద్ధెనిమిదేళ్ల పాటు పాఠకులందరికీ ఎర్త్‌సీ అంటే అంతే.

రెండో పుస్తకం చివరి అధ్యాయాలే ఎందుకు అంటే, కాస్త వివరంగా చెప్పాలి.

నేను చాలా ఏళ్లుగా ఒక చదువరుల బృందం నడుపుతున్నాను, ఎక్కువగా ఫాంటసీ చదువుతాం. ఎర్త్‌సీని వేర్వేరు బ్యాచ్‌లతో మొదటి నుంచి చివరిదాకా కలిసి చదివాం. ప్రతి బ్యాచ్‌లోనూ నాలుగో పుస్తకం దగ్గర మనుషులు రెండుగా చీలిపోతారు. అందుకని నేను 'తెహాను' మొదలుపెట్టే ముందు అందర్నీ ఒక ప్రశ్న అడగడం అలవాటు చేసుకున్నాను: మొదటి మూడింట్లో కళ్లు మూసుకుంటే మీకు కనబడే సీన్ ఏది? గెడ్ సముద్రం చివరిదాకా నీడ వెంట పడవేసుకుని వెళ్లడం అనో, సెలిడార్ తీరంలో డ్రాగన్లు అనో, చచ్చినవాళ్ల లోకమైన పొడినేలలో గెడ్ ఆ తలుపు మూయడం అనో చెప్పినవాళ్లు నాలుగో పుస్తకంతో చాలా ఇబ్బంది పడతారు. భూమి కింద చీకటి దారుల్లో వెలుగు చూసిన ఆ అమ్మాయి, తాళాల గుత్తితో తిరిగే ఆ పూజారిణి టెనార్ గుర్తొస్తుందని చెప్పినవాళ్లు సాధారణంగా దీన్ని పట్టుకుని వదలరు. ప్రతిసారీ ఇలాగే జరగాలని లేదు, కానీ ఈ చీలిక ఎక్కడ నుంచి వస్తుందో నాకు అర్థమైంది దాంతోనే. మొదటి మూడూ గెడ్ కథ అనుకుని చదివినవాళ్లకి కథ 1972లోనే ముగిసింది. అందులో టెనార్ కథ కూడా ఉందని చూసినవాళ్లకి అది 1971లో మధ్యలో ఆగిపోయింది. 

మీరు ఆ రెండో పుస్తకం చివరి భాగం చదివి ఎంతకాలమైందో తెలియదు కానీ, మూడూ వరసగా చదివారు కాబట్టి మూడోదాని హోరులో అది మసకబారి ఉంటుంది. సమాధులు కూలిపోయాక గెడ్, టెనార్ కొండలు దాటి సముద్రం వైపు నడుస్తారు. బయటపడ్డ ఆనందం ఎంతోసేపు ఉండదు. టెనార్ తన చేతుల మీదుగా చనిపోయినవాళ్లు గుర్తొచ్చి, స్వేచ్ఛ అంటే ఇంత బరువా అని ఏడుస్తుంది. పడవలో వెళ్లేముందు గెడ్ కదలకుండా కూర్చుని ఉంటే అతన్ని పొడిచేద్దామని చేతిలో కత్తితో అతని ముందు నిలబడుతుంది కూడా. వాళ్లు వెళ్లబోయే హావ్‌నార్ నగరంలో తనకు తోడుగా ఉండమని అడుగుతుంది. అతను ఉండలేనంటాడు, తన దారి తనకు పిలుపు వచ్చిన వైపే, అక్కడికి ఒంటరిగానే వెళ్లాలంటాడు. కానీ నువ్వు పిలిస్తే సమాధిలోంచైనా లేచి వస్తానని మాటిస్తాడు. తర్వాత ఆమెని గాంట్ ద్వీపంలో తన గురువు ఓగియాన్ దగ్గర ఉంచుతానంటాడు. పుస్తకం చివర ఆమె అతని చెయ్యి పట్టుకుని హావ్‌నార్ వీధుల్లో నడుస్తుంది.

అంతే. మూడో పుస్తకంలో ఆమె మళ్లీ కనబడదు. ఆ అమ్మాయి ఏమైంది? ఐదేళ్ల వయసులో గుడికి అప్పగించి పేరు కూడా లాగేసుకున్న పిల్ల, పేరు తిరిగి సంపాదించుకుని, వందల ఏళ్లుగా దొరకని ఉంగరం సగాన్ని లోకానికి ఇప్పించిన పిల్ల, పరాయి దేశంలో, పరాయి భాషలో ఎలా బతికింది? మూడో పుస్తకం ఈ ప్రశ్న వైపు చూడదు. నాలుగోది ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది. ఓగియాన్ దగ్గర కొన్నాళ్లు చదువుకుంది, అది వద్దనుకుంది, ఫ్లింట్ అనే రైతుని పెళ్లి చేసుకుంది, ఇద్దరు పిల్లల్ని పెంచింది, ఇప్పుడు భర్త పోయాడు. ఊళ్లోవాళ్లకి ఆమె గోహా, ఒక రైతు భార్య, అంతకంటే ఏమీ కాదు. ఈ లోపు ఎవరో దేశదిమ్మరులు ఒక పసిపిల్లని పాడుచేసి, కొట్టి, మంటల్లో పడేసి వెళ్లిపోతే టెనార్ ఆ పిల్లని ఇంటికి తెచ్చుకుంటుంది. థెర్రూ అని పేరు పెడుతుంది. ఒక చెయ్యి, ముఖంలో సగం కాలిపోయాయి, ఒక కన్ను పోయింది.

ఆ మాటిచ్చిన సంగతి గుర్తుపెట్టుకుని చదివితే గెడ్ రాక పూర్తిగా వేరేలా అనిపిస్తుంది. అతను చచ్చినవాళ్ల లోకం దాకా వెళ్లి, డ్రాగన్ కలెస్సిన్ వీపు మీద, స్పృహలేకుండా, సరిగ్గా టెనార్ ఉన్న చోటికే వచ్చి పడతాడు. సమాధిలోంచి వస్తానన్న మాట అక్షరాలా నిజమైంది, కాకపోతే వచ్చినవాడిలో శక్తి లేదు. కాపాడటానికి వచ్చినవాణ్ణే ఆమె కాపాడాల్సి వచ్చింది. నాకు ఈ సిరీస్ మొత్తంలో ఇంతకంటే అందమైన ముడి కనబడదు. రెండో పుస్తకం ముగింపు బుర్రలో తాజాగా లేకపోతే ఇది పాఠకుడికి దొరకదు, మేకలూ గిన్నెలే దొరుకుతాయి.

ఇప్పుడు అసలు ఈ పుస్తకం ఇంత ఆలస్యంగా, ఇంత వేరుగా ఎందుకు వచ్చింది అనేది. మొదటిది 1968, రెండోది 1971, మూడోది 1972. 'తెహాను' 1990లో వచ్చింది. మూడోది అయిన తర్వాత నాలుగోది మొదలుపెట్టి, ముందుకు సాగక పక్కన పెట్టానని లె గ్విన్ తర్వాత చెప్పింది. టెనార్ ఒక మామూలు రైతుని ఎందుకు పెళ్లి చేసుకుందో తనకే అర్థం కాలేదట. 1992లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చిన ప్రసంగంలో ఆవిడ ఇంకా స్పష్టంగా మాట్లాడింది: మొదటి మూడూ మగ వీరుడి సంప్రదాయం లోపల నిలబడి రాసినవి, ఆ సంప్రదాయం అప్పట్లో తనకు గాలిలా సహజంగా అనిపించింది, దాన్ని బయట నుంచి చూడటం నేర్చుకోవడానికి ఏళ్లు పట్టింది అనే అర్థంలో.

ఈ విషయంలో నేను ఎప్పుడూ ఎత్తే ఉదాహరణ ఎర్త్‌సీకి బయటిది. 1969లో వచ్చిన 'ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్'లో ఆడా మగా తేడా లేని మనుషుల గురించి రాస్తూ వాళ్లందరినీ 'అతను' అనే రాసింది. దాన్ని సమర్థించుకుంటూ 1976లో ఒక వ్యాసం రాసింది. పదేళ్లు గడిచాక అభిప్రాయం మారింది. అప్పుడు ఆ వ్యాసాన్ని దిద్దలేదు, తీసేయలేదు. పాత వాక్యాలన్నీ అలాగే ఉంచి, పక్కనే కొత్త వ్యాఖ్యలు రాసి, రెండూ కలిపి అచ్చువేసింది. ఇక్కడ తప్పుగా ఆలోచించాను, ఇక్కడ ఇప్పటికీ అదే అంటాను అని, చదివేవాళ్ల కళ్లముందే. 1989లో వచ్చిన వ్యాసాల పుస్తకంలో అది ఉంది. మరుసటి ఏడాదే 'తెహాను' వచ్చింది. నేను దీన్ని కూడా అలాగే చదువుతాను: మొదటి మూడు పుస్తకాల పక్కన అదే చేత్తో రాసిన వ్యాఖ్య. పాత పుస్తకాలని ఆవిడ తిరగరాయలేదు. మొదటి పుస్తకంలోనే గాంట్ ద్వీపంలో ఒక సామెత ఉందని వస్తుంది, ఆడదాని మంత్రమంత బలహీనం అని, ఆడదాని మంత్రమంత చెడ్డది అని. 1968లో అది కథలో మామూలుగా దొర్లిపోయిన మాట. 1990లో ఆవిడ ఆ మాట దగ్గరకు తిరిగొచ్చి, ఇది ఎవరు పుట్టించారు, ఎవరికి లాభం, ఆ ఊళ్లో ఉండే మంత్రగత్తె మాస్ దీన్ని వింటూ ఎలా బతికింది అని అడుగుతుంది. కొత్త సమస్యని బయట నుంచి తెచ్చి అతికించిందనే ఆరోపణ నేను ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే. పునాది ఇరవై రెండేళ్ల ముందే పడి ఉంది.

సరే, తిట్టేవాళ్ల వైపు. వాళ్ల మాటల్లో కొన్ని నిజంగా నిలబడతాయి, కొన్ని నిలబడవు. విడివిడిగా చూడాలి.

"గెడ్‌ని అవమానించింది" అనేది అన్నిటికంటే ఎక్కువ వినబడేది, నా దృష్టిలో అన్నిటికంటే బలహీనమైనది. గెడ్ శక్తి పోయింది మూడో పుస్తకంలో. పొడినేలలో ఆ తలుపు మూయడానికి ఉన్నదంతా ఖర్చుపెట్టేశాడు, మాంత్రికుల బడి ఉన్న రోక్ ద్వీపానికి తిరిగి వచ్చినప్పుడు ఆ బడి ద్వారపాలకుడు ఇతను చేయాల్సినవన్నీ చేసేశాడు, ఇంటికి వెళుతున్నాడు అంటాడు. మనం ఆ వాక్యం చదివి పుస్తకం మూసేసి, ఎంత గొప్ప త్యాగం అనుకున్నాం. లె గ్విన్ ఆ మర్నాడు పొద్దున్న ఏమవుతుందో రాసింది, అంతే. చిన్నప్పటి నుంచి శక్తే తన పేరు అనుకున్న మనిషి, ఏభైకి అటూ ఇటూ వయసులో అది లేకుండా నిద్రలేస్తే సిగ్గుపడతాడు, దాక్కుంటాడు, కొత్త రాజు మనుషులు వెతుక్కుంటూ వస్తే ఎదురుపడలేక కొండెక్కి మేకలు కాసుకుంటాడు. ఇంకో సంగతి కూడా గమనించండి. మూడో పుస్తకం చివర గెడ్ గురించి రెండు కథలు చెబుతుంది: పాటల్లో ఉన్నదాని ప్రకారం పట్టాభిషేకానికి వచ్చి, తర్వాత పడవలో ఒంటరిగా పడమటికి వెళ్లిపోయాడు, గాంట్ వాళ్లు చెప్పుకునేదాని ప్రకారం రాజే వెతుక్కుంటూ వస్తే అతను దొరకలేదు, కాలినడకన అడవుల్లోకి వెళ్లిపోయాడన్నారు. రెండోది నిజమని నాలుగో పుస్తకం తేల్చింది. ఆ దారి మూడో పుస్తకమే తెరిచి పెట్టింది.

"కథ ఆపి ఉపన్యాసం చెబుతుంది" అనేది కొంతవరకు ఒప్పుకుంటాను. టెనార్ ఆలోచనలు కొన్నిచోట్ల ఒకే బాధని రెండు మూడుసార్లు తిప్పి తిప్పి చెబుతాయి, ఒకసారి చాలు అనిపిస్తుంది. కానీ ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. మగవాళ్ల శక్తి, ఆడవాళ్ల శక్తి గురించి మాస్ పెద్ద పెద్ద మాటలు అంటుంది, ఆడదాని శక్తి చెట్ల వేళ్ల కంటే లోతైనది, చంద్రుడి కంటే పాతది, చీకటిలో ఉన్నది అన్నట్టు. చదివినవాళ్లు అవి రచయిత్రి అభిప్రాయాలనుకుని కొందరు మెచ్చుకుంటారు, కొందరు చిరాకుపడతారు. టెనార్ వాటిని ఒప్పుకోదు. చీకటీ లోతూ అంటే ఏమిటో ఆమెకి అనుభవం, చిన్నతనమంతా భూమి కింద చీకటిని కొలుస్తూనే గడిపింది. అలాంటి మనిషికి చీకటి మన గొప్పదనం అని చెబితే ఊరుకుంటుందా? ఆ సంభాషణలు రెండు పక్షాల మధ్య జరుగుతున్నాయని గుర్తుంచుకుని చదివితే ఉపన్యాసంలా అనిపించడం సగం తగ్గుతుంది. మిగతా సగం ఉంటుంది.

"మగవాళ్లంతా దుర్మార్గులే" అనేది లెక్క తప్పు. ఓగియాన్ ఉన్నాడు, రాజు లెబానెన్ ఉన్నాడు, కాలిన పిల్లకి వైద్యం చేసి ఆపైన కూడా బాగోగులు కనుక్కునే మాంత్రికుడు బీచ్ ఉన్నాడు, గెడ్ ఉన్నాడు. నాకు అసలు ఇబ్బంది వేరే చోట: దుష్ట మాంత్రికుడు ఆస్పెన్ చాలా పలచటి పాత్ర. ఆడవాళ్లంటే అసహ్యం, చావుని తప్పించుకోవాలనే పిచ్చి, అంతకుమించి లోపల ఏమీ లేదు. మూడో పుస్తకంలో దుష్ట మాంత్రికుడు కాబ్ గుర్తున్నాడు కదా, తన పేరు పోగొట్టుకుని ఏమీ లేనివాడిగా మిగిలిపోయిన ఆ మనిషిని చూస్తే భయమూ జాలీ రెండూ కలుగుతాయి. ఆస్పెన్ దగ్గర భయం మాత్రమే ఉంది. దానికంటే వంద రెట్లు బాగా కుదిరింది టెనార్ కొడుకు స్పార్క్. సముద్రం మీద నుంచి ఇంటికొచ్చి, తిన్న పళ్లెం తీయడు, అది ఆడవాళ్ల పని అంటాడు. ఎవర్నీ కొట్టడు, తిట్టడు. కానీ ఆ ఒక్క పళ్లెం దగ్గర టెనార్‌కి తను ఏం పెంచిందో అర్థమవుతుంది. ఆస్పెన్ కంటే స్పార్క్ ఎక్కువ కలవరపెడతాడు నన్ను.

"ముగింపు తొందరగా చుట్టేసింది" అనేది నిజం. ఆస్పెన్ మంత్రం టెనార్‌ని తాడు కట్టిన కుక్కలా పాకిస్తుంది, గెడ్ కూడా దొరికిపోతాడు, ఇద్దర్నీ కొండ అంచుకి తెస్తారు, పిల్ల పిలుస్తుంది, డ్రాగన్ వస్తుంది, అయిపోతుంది. కొన్ని పేజీల్లోనే. దానికి దారి ముందే వేసి ఉంది: డ్రాగన్లూ మనుషులూ ఒకప్పుడు ఒకటే అనే కెమే ముసలావిడ కథ, ఒకవైపు మనుషులు, ఇంకోవైపు డ్రాగన్లు గీసి ఉన్న, వెలుగుకి ఎదురుగా పెడితే రెండూ కలిసిపోయి కనబడే ఆ విసనకర్ర, థెర్రూని తాకితే వచ్చే వేడి. కాబట్టి ఊడిపడిందనను. కానీ అంత నిదానంగా నడిచిన పుస్తకం అక్కడ పరిగెత్తింది. మా బృందంలో ఈ పుస్తకాన్ని ప్రాణంగా ప్రేమించేవాళ్లు కూడా ఈ మాట ఒప్పుకుంటారు.

ఇంకో అభ్యంతరం ఉంది, దాన్ని నేను చాలా గౌరవిస్తాను. మా బృందంలో ఒక పెద్దాయన, చిన్నప్పటి నుంచి మొదటి మూడూ మళ్లీ మళ్లీ చదివిన మనిషి, ఎన్నిసార్లు చర్చించినా 'తెహాను' ఆయనకి నచ్చదు. రాజకీయం గురించి ఆయనకి బాధ లేదు. ఆయన చెప్పేది ఏమిటంటే, మొదటి మూడింట్లో కథ చెప్పే గొంతు పాత పురాణం చెబుతున్నట్టు దూరం నుంచి వస్తుంది, లోకం మొత్తం సమతూకంలో ఉందనే నమ్మకం ఆ గొంతులోనే ఉంది, నాలుగో పుస్తకం ఆ గొంతుని వదిలేసి ఒక మనిషి బుర్రలోకి దూరిపోయింది, దాంతో మాయ పోయింది అని. ఆయన చెప్పింది అక్షరాలా నిజం, గొంతు మారింది. నాకు ఆ మార్పు అవసరం అనిపించింది, ఆయనకి నష్టం అనిపించింది. ఇక్కడ ఒకర్నొకరు ఒప్పించాల్సిన పని లేదు. మీకు మొదటి పుస్తకంలో కథ కంటే ఆ గొంతే ఎక్కువ నచ్చి ఉంటే, నేను పైన చెప్పినవన్నీ చేసినా ఇది నచ్చకపోవచ్చు. నచ్చకపోతే మీ చదువులో లోపం ఉందని ఎవరన్నా పట్టించుకోకండి.

అలాగే "పెద్దయ్యాక చదవండి, అప్పుడు అర్థమవుతుంది" అనే సలహా మీకు చాలామంది ఇస్తారు. నాకు ఆ సలహా నచ్చదు. పిల్లల్ని పెంచినవాళ్లకి, ఉద్యోగం పోయినవాళ్లకి, జబ్బుపడ్డవాళ్లకి ఇది ఎక్కువ తగులుతుంది, కాదనను. కానీ మా దగ్గర ఈ పుస్తకాన్ని అందరికంటే గట్టిగా పట్టుకున్నది ఒక కాలేజీ అమ్మాయి. ఆమె ఎర్త్‌సీలోకి వచ్చిందే రెండో పుస్తకంతో, మొదటిది తర్వాత చదివింది. ఆమెకి టెనారే కథానాయిక, గెడ్ దారిలో కలిసినవాడు. నాలుగోదానికి వచ్చేసరికి ఆమెకి ఏ షాకూ తగల్లేదు, ఎదురుచూసిన పుస్తకం చేతికొచ్చినట్టే చదువుకుంది. వయసు కంటే ఏ తలుపులోంచి లోపలికి వచ్చారనేది ముఖ్యం.

వయసు గురించి ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఇది పిల్లల పుస్తకాల అరలో కనబడుతుంది, చిన్నపిల్లలకి ఇవ్వకండి. మూడో పుస్తకానికి 1973లో పిల్లల సాహిత్యం విభాగంలో నేషనల్ బుక్ అవార్డు వచ్చింది, అందుకని సెట్‌గా కొని పదేళ్ల పిల్లలకి ఇచ్చేస్తుంటారు. థెర్రూకి జరిగినది వివరంగా వర్ణించదు, కానీ ఏం జరిగిందో స్పష్టంగా తెలుస్తుంది, చేసినవాళ్లు మళ్లీ ఆ పిల్ల కోసం తిరిగొస్తారు, పుస్తకం మొత్తం ఆ భయం వెంటాడుతుంది. ఇలాంటివి చదివితే మనసు కలత చెందే పరిస్థితిలో మీరున్నా సరే, ఇప్పుడు వద్దు, తర్వాత చూడండి.

మీరు ఆపిన చోటు గురించి. మీరు చెప్పినదాన్ని బట్టి ఓగియాన్ చనిపోయి, గెడ్ వచ్చి మంచాన పడి ఉన్న భాగం దగ్గర ఆగారు. చాలామంది సరిగ్గా అక్కడే ఆగుతారు, ఎందుకంటే గెడ్ లేచాక కథ మొదలవుతుందని ఎదురుచూస్తూ చదువుతారు, అతను లేచి పారిపోతాడు. ఈసారి చదివేటప్పుడు ఎదురుచూపు అతని మీద పెట్టకండి, పిల్ల మీద పెట్టండి. థెర్రూ ఎప్పుడు మాట్లాడుతుంది, ఎవరి ముందు ముఖం దాచుకుంటుంది, ఎవరి ముందు దాచుకోదు అనేది గమనించండి. అసలు కథ అక్కడ నడుస్తోంది. ఓగియాన్ చనిపోయేముందు ఆ పిల్లకి అంతా నేర్పమని టెనార్‌తో అంటాడు, రోక్‌లో మాత్రం కాదంటాడు. ఏం నేర్పాలో టెనార్‌కి తెలియదు. ఓగియాన్ శవం దగ్గర ఇద్దరు మాంత్రికులు ఎక్కడ పాతిపెట్టాలని వాదించుకుంటుంటే, అతని అసలు పేరు తెలిసిన ఒకే ఒక్క మనిషి, ఆ పేరు అతని నోటినుంచే విన్న టెనార్, వాళ్ల మధ్యలో మాట చెప్పడానికి తంటాలు పడుతుంది. మీరు ఆ సీన్ దాటి వచ్చేశారు, బహుశా గెడ్ కోసం చూస్తూ. రెండోసారి అక్కడ కాసేపు ఆగండి.

ఇంకా ముందుకెళ్తే ఓడ మీద ఒక సంభాషణ వస్తుంది, నాకు చాలా ఇష్టం. రోక్ గురువులు కొత్త ఆర్చ్‌మేజ్‌ని, అంటే మాంత్రికులందరికీ పెద్దని, ఎన్నుకోలేకపోతున్నారు, వాళ్లలో ఒకాయనకి గాంట్‌లో ఒక స్త్రీ అనే మాట మాత్రమే తోచింది. దాని అర్థమేమిటని వెతుకుతూ ఒక గురువు రాజుతో కలిసి వస్తాడు. ఆ స్త్రీ ఎవరో మగవాడి దగ్గరకు దారి చూపిస్తుందని ఆయన నమ్మకం, ఇంకో అర్థం ఉండొచ్చనే ఆలోచన ఆయనకి రానే రాదు. ఎదురుగా కూర్చున్నది గాంట్ నుంచి వచ్చిన స్త్రీ, ఆమె పక్కన గాంట్ నుంచి వచ్చిన ఆడపిల్ల. లె గ్విన్ అక్కడ ఏమీ వివరించదు, సీన్‌ని అలా నడిపించేస్తుంది. ఉపన్యాసం అనేవాళ్లకి నేను ఈ సీన్ చూపిస్తాను.

చివరిగా, చదివే వరస. 'తెహాను' మొదటి ముద్రణలకి 'ఎర్త్‌సీ ఆఖరి పుస్తకం' అనే ఉపశీర్షిక ఉండేది, పాత కాపీ దొరికితే అది చూసి అయోమయపడకండి. 2001లో ఇంకో రెండు వచ్చాయి. ముందు కథల సంపుటి 'టేల్స్ ఫ్రమ్ ఎర్త్‌సీ', తర్వాత నవల 'ది అదర్ విండ్'. కథల పుస్తకమే కదా అని మొదటిదాన్ని దాటేసేవాళ్లు ఉంటారు, అలా చేయకండి. అందులో చివరి కథ 'డ్రాగన్‌ఫ్లై' నాలుగుకీ ఆరుకీ మధ్య వంతెన, అది చదవకపోతే ఆఖరి నవలలో ఒక ముఖ్యమైన మనిషి ఎవరో అర్థం కాదు. అదే సంపుటిలో 'ది ఫైండర్' అనే పెద్ద కథలో రోక్ బడి ఎలా పుట్టిందో ఉంది, దాన్ని కట్టినవాళ్లలో ఆడవాళ్లు కూడా ఉన్నారని, తర్వాత వాళ్లని బయటకి నెట్టేశారని చెబుతుంది. పాత చరిత్రని తిరగరాసిందనే ఫిర్యాదు ఎవరైనా చేయదలిస్తే 'తెహాను' మీద కంటే దీని మీద చేయడం న్యాయం. నాకైతే కథ నచ్చింది, అతుకు కూడా కనబడింది.

'ది అదర్ విండ్' మూడో పుస్తకంలోని చచ్చినవాళ్ల లోకాన్ని మళ్లీ తవ్వుతుంది, అది అసలు అలా ఎందుకు ఉంది అని. మూడో పుస్తకం మీకు బాగా ఇష్టమైతే అక్కడ ఇంకోసారి నొప్పి తగలొచ్చు, 'తెహాను' కంటే ఎక్కువే తగలొచ్చు. టెనార్, తెహాను (థెర్రూ అసలు పేరు అదే), లెబానెన్ ముగ్గురూ అందులో ఉంటారు, గెడ్ మాత్రం గాంట్‌లో ఇంటిపట్టునే ఉంటాడు. దానికి వరల్డ్ ఫాంటసీ అవార్డు వచ్చింది, 'తెహాను'కి నెబ్యులా అవార్డు వచ్చింది. అవార్డులు చూసి నిర్ణయం తీసుకోమనను, నచ్చనివాళ్లే ఎక్కువమంది అనుకునేవాళ్ల కోసం చెబుతున్నాను. ఇవన్నీ అయ్యాక 'ఫైర్‌లైట్' అనే చిన్న కథ ఒకటుంది, లె గ్విన్ 2018లో చనిపోయాక అచ్చయింది, గెడ్ చివరి రోజుల గురించి. దాన్ని అన్నిటికంటే ఆఖరున చదవండి, ముందు మాత్రం తెరవకండి. అదే ఏడాది ఛార్లెస్ వెస్ బొమ్మలతో వచ్చిన ఒకే సంపుటిలో నవలలూ కథలూ అన్నీ కలిపి ఉన్నాయి, 'ఫైర్‌లైట్' కూడా. పుస్తకం చాలా బరువు, పడుకుని చదవడం కష్టం, విడివిడి కాపీలు దొరికితే చదవడానికి అవే సుఖం.

రెండో పుస్తకం చివరి అధ్యాయాలు చదివాక కూడా 'తెహాను'లో లెబానెన్ ఓడ వచ్చేదాకా ఏమీ పట్టుకోకపోతే, అక్కడితో ఆపేయండి. అంతదాకా వచ్చినా లోపలికి లాగలేదంటే మిగతాదీ లాగదు, మొదటి మూడూ ఎప్పటిలా మీవే.